టాప్‌రూమ్‌కి మార్కులు వేసేముందు అక్కడి పిల్స్‌నర్ తాగి చూడండి

క్రాఫ్ట్ బ్రూవరీలకి ఆన్‌లైన్‌లో పడే స్టార్స్ చూసినప్పుడల్లా పిల్స్‌నర్ అనే లేత రంగు సాదా బీరు చేసేవాళ్లని తల్చుకుని నాకు బాధేస్తుంది. పది శాతం ఆల్కహాల్ ఉన్న ఇంపీరియల్ స్టౌట్ అనే నల్ల బీరు, అందులో కాఫీ వేసి వనిల్లా వేసి బర్బన్ విస్కీ పీపాలో నెలల తరబడి నానబెట్టి ఇస్తే అందరూ నాలుగున్నర కొట్టేస్తారు, అదే బ్రూవరీలో అంతకంటే ఓపిగ్గా చేసిన లేత బంగారు రంగు లాగర్‌కి (చల్లగా, నెమ్మదిగా పులియబెట్టే బీరు, పిల్స్‌నర్ అందులో ఒక రకం) మాత్రం "బానే ఉంది, మామూలు బీరే కదా" అని మూడిచ్చి వదిలేస్తారు. ఘాటు ఎంత ఎక్కువుంటే మార్కులు అంత ఎక్కువ అన్నట్టు తయారైంది. నేను టాప్‌రూమ్‌కి, అంటే టాప్ తిప్పి గ్లాసుల్లో బీరు పోసిచ్చే చోటుకి, వెళ్తే బోర్డు మీద అన్నిటికంటే సాదాగా ఉన్న బీరే ముందు అడుగుతా. పిల్స్‌నర్ ఉంటే పిల్స్‌నర్, లేకపోతే హెల్లెస్ (ఇదీ లేత లాగరే), అదీ లేకపోతే పేల్ ఏల్ (లాగర్ కంటే వెచ్చగా, త్వరగా పులిసే ఏల్ బీర్లలో లేత రకం). ఆ గ్లాసు బాగుంటేనే మిగతా బోర్డు చదువుతా.

ఎందుకంటే పిల్స్‌నర్‌లో తప్పు కప్పిపెట్టుకోడానికి ఏమీ ఉండదు. నీళ్లు, లేత మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ), హాప్స్ (చేదూ వాసనా ఇచ్చే పూలు), ఈస్ట్ (పులియబెట్టే సూక్ష్మజీవి), అంతే. 1842లో ఇప్పటి చెక్ రిపబ్లిక్‌లోని పిల్సెన్ ఊళ్లో యోసెఫ్ గ్రోల్ అనే బవేరియా బ్రూవర్ దీన్ని మొదటిసారి చేసినప్పుడు అక్కడి మెత్తటి నీళ్లు, సాజ్ అనే రకం హాప్స్, చల్లటి నేలమాళిగలు అన్నీ కలిసొచ్చాయి, ఇప్పుడు ఏ చిన్న బ్రూవరీ చేసినా నీటిలో ఖనిజాలు సరిచూసుకోవాలి, చల్లగా పులియబెట్టాలి, ఆ తర్వాత ఇంకా చల్లగా వారాల పాటు ట్యాంకులో అలా వదిలేయాలి. ఏల్ అయితే రెండు మూడు వారాల్లో ట్యాంక్ ఖాళీ చేసి ఇంకో బ్యాచ్ పెట్టుకోవచ్చు. నాలుగే ట్యాంకులున్న చిన్న బ్రూవరీ ఒక ట్యాంకుని అన్నాళ్లు లాగర్‌కి ఇచ్చేసిందంటే వాళ్లకి డబ్బుల కంటే బీరు మీద ఇష్టం ఎక్కువని అర్థం, అక్కడే నా దగ్గర వాళ్లకి ఒక మార్కు పడిపోతుంది.

ఈమధ్య నాకు బాగా నచ్చిన చోటు అలాంటిదే. బయట నుంచి చూస్తే గోడౌన్‌లా ఉంటుంది, లోపల బెంచీలు, ఒక అద్దం గోడ, దాని వెనక ట్యాంకులు, బోర్డు మీద ఆరంటే ఆరు బీర్లు. పిల్స్‌నర్ పొడవాటి సన్న గ్లాసులో వచ్చింది, పైన రెండు వేళ్ల మందం తెల్లటి నురగ, వాసన చూస్తే మొదట రొట్టె వాసన, తర్వాత కొంచెం గడ్డి, పూల వాసన, తాగితే నాలుక చివర్లో చేదు గట్టిగా తగిలి వెంటనే ఆరిపోయి ఇంకో గుక్క తాగబుద్ధయ్యింది. ఏ ఒక్కటీ మీదపడి అరవలేదు. దీనికి నేను అయిదుకి నాలుగు ముప్పావు ఇచ్చా, ఆ పావు కూడా ఎందుకు తగ్గించానంటే బోర్డు మీద ఆల్కహాల్ శాతం రాయలేదు. రోజంతా ఏం తాగాలో ఎంత తాగాలో లెక్కేసుకునేవాడికి ఆ అంకె చాలా అవసరం, నాలుగున్నర శాతానికీ తొమ్మిది శాతానికీ మధ్య తేడా గ్లాసు చూస్తే తెలీదు.

దీనికి పూర్తి వ్యతిరేకంగా ఉండే చోటు కూడా చెప్తా. గోడ మీద వరసగా బోలెడన్ని టాప్‌లు, మెరిసే లైట్లు, పెద్ద స్క్రీన్ మీద మెనూ. అన్ని టాప్‌లు చూడగానే నాకు భయమే వేస్తుంది, ఎందుకంటే జనం అన్నీ సమానంగా తాగరు, ముందు వరసలో నాలుగు మాత్రమే గబగబా అయిపోతాయి, మిగతావి కెగ్‌లోనూ (బీరు నింపే పీపా) పైపులోనూ అలా నిలబడి ఉంటాయి. అక్కడ పేల్ ఏల్ తీసుకుంటే వెన్న వాసన వచ్చింది, థియేటర్‌లో పాప్‌కార్న్ మీద పోస్తారే ఆ వెన్న. అది డైఎసిటైల్ అనే పదార్థం. పులిసేటప్పుడు ఈస్ట్ దీన్ని పుట్టిస్తుంది, చివర్లో కాస్త వెచ్చగా రెండు మూడు రోజులు వదిలితే ఆ ఈస్టే మళ్లీ దీన్ని తినేస్తుంది, తొందరపడి ముందే చల్లార్చేస్తే బీర్లో మిగిలిపోతుంది. ఇంకో దారి కూడా ఉంది, టాప్ పైపులు కడగకపోతే వాటిలో బ్యాక్టీరియా చేరి అదే వెన్న వాసన, దాంతోపాటు పులుపు కూడా తెస్తాయి. ఏది కారణమో తెలుసుకోడానికి నేను పక్క టాప్ నుంచి వేరే బీరు కొంచెం రుచి చూపించమని అడిగా, దాంట్లోనూ అదే వాసన, ఇంకోదాంట్లో వెనిగర్ లాంటి పులుపు. అంటే తప్పు ఎక్కువగా పైపుల్లోనే ఉందని నా అనుమానం. అమెరికాలో చిన్న బ్రూవరీల సంఘం బ్రూవర్స్ అసోసియేషన్ పెట్టిన లెక్క ప్రకారం పైపుల్ని 14 రోజులకి ఒకసారైనా కాస్టిక్ ద్రావణంతో కడగాలి. లైన్లు ఎప్పుడు కడిగారండీ అని మర్యాదగా అడిగితే కౌంటర్‌లో ఉన్నతను తల అడ్డంగా ఊపాడు, ఎవరు కడుగుతారో కూడా అతనికి తెలీదు. ఆ చోటుకి ఒకటిన్నర ఇచ్చా. పాపం ఆ బీరు చేసినవాళ్లు ఇంకెక్కడో ఉంటారు, వాళ్ల పేరు ఇక్కడ పాడవుతోంది.

అందుకే బీరుకి వేరే, పోసే పద్ధతికి వేరే రెండు మార్కులు వేయాలని నేను గట్టిగా అంటా. సగం పని బ్రూవర్‌ది, మిగతా సగం టాప్‌రూమ్‌ది. గ్లాసు సంగతే తీసుకోండి. బీరు పోయగానే గ్లాసు గోడలకి బుడగలు అంటుకుని కదలకుండా ఉన్నాయంటే అక్కడ జిడ్డో సబ్బో మిగిలిందని అర్థం, శుభ్రమైన గ్లాసులో బుడగలు పైకి వెళ్లిపోతాయి, తాగుతుంటే ప్రతి గుక్కకీ లోపల ఒక నురగ గీత మిగులుతుంది. ఫ్రీజర్‌లో పెట్టి మంచు పట్టిన గ్లాసిస్తే చాలామంది మురిసిపోతారు కానీ నేను మామూలు గ్లాసు అడిగి తీసుకుంటా, ఆ మంచు కరిగి బీర్లో కలుస్తుంది, పైగా అంత చల్లదనానికి నాలుక మొద్దుబారిపోయి మంచి బీరుకీ చెడ్డ బీరుకీ తేడా తెలీకుండా పోతుంది.

నురగ విషయంలో మాత్రం జనంతో నాకు పెద్ద పేచీ. నురగెక్కువైతే మోసం చేశారని గొడవపడతారు. గ్లాసు మీద కొలత గీత ఉండి బీరు దానికంటే కిందుంటే గొడవ న్యాయమే, గీత వరకు బీరుండి పైన నురగుంటే అది మనకి లాభం. మాల్ట్‌లోని ప్రోటీన్లూ హాప్స్‌లోని చేదు పదార్థాలూ కలిసి నురగని నిలబెడతాయి, వాసనంతా దాని గుండానే పైకొస్తుంది. చెక్ వాళ్లయితే మ్లీకో అని దాదాపు గ్లాసంతా తడి నురగతోనే నింపి ఇస్తారు, అది తియ్యగా మెత్తగా ఉంటుంది, గబగబా తాగేయాలి. పక్కకి తిప్పే టాప్ ఉన్న చోట ఎవరైనా ఇలా పోసి పెడతామంటే వద్దనకండి.

కొత్త చోటకి వెళ్తే ఫ్లైట్ తీసుకోవడమే మేలు, చిన్న గ్లాసుల్లో నాలుగైదు రకాలు వస్తాయి. కానీ వరస మీరే చెప్పాలి, లేతవి ముందు, చేదువి తర్వాత, కాల్చిన మాల్టువి, బాగా పులుపువి చివర్లో. డబుల్ ఐపీఏ (హాప్స్ బాగా వేసి చేసే చేదు, ఘాటు ఏల్) ముందు తాగేసి తర్వాత గోధుమ బీరుకి మార్కులేస్తే ఆ గోధుమ బీరుకి అన్యాయం చేసినట్టే. ఎండ పడే బల్ల మీద కూర్చోకండి. వెలుతురు తగిలితే హాప్స్‌లోని చేదు పదార్థం విరిగి స్కంక్ అనే జంతువు వదిలే కంపు లాంటి వాసన పుడుతుంది, గట్టి ఎండలో కొద్ది నిమిషాలు చాలు, ఆ తప్పు బ్రూవర్ ఖాతాలో రాస్తే ఎలా.

హేజీ ఐపీఏల గురించి ఒక్క మాట. అమెరికాలో వెర్మాంట్ వైపు మొదలైన ఈ మబ్బు బీర్లు తాజాగా ఉన్నప్పుడు మామిడి, నారింజ వాసనలతో అద్భుతంగా ఉంటాయి, కాదనను, కానీ గాలి తగిలితే వీటంత త్వరగా చచ్చిపోయే బీరు ఇంకోటి లేదు. పసుపు రంగు మట్టి రంగులోకి దిగి, పళ్ల వాసన పోయి తడిసిన అట్టపెట్టె వాసనొస్తే అది కెగ్‌లో ముసలిదైపోయినట్టే. కెగ్ ఎప్పుడు నింపారో అడగండి. తేదీ చెప్పగలిగిన చోట నేను ధైర్యంగా పెద్ద గ్లాసు తీసుకుంటా.

గోధుమ బీరు, జర్మన్ పద్ధతిదైతే, అరటిపండు లవంగం రెండూ సమంగా తెలియాలి. అవి పళ్లూ మసాలాలూ వేస్తే వచ్చేవి కాదు, ఈస్టే పుట్టిస్తుంది. నేను తాగిన ఒక చోట అరటిపండు తప్ప ఏమీ లేదు, మూడున్నరతో సరిపెట్టా.

స్టౌట్ నాకు ఇష్టమే, మొదట తిట్టినట్టు అనిపిస్తే అది స్టౌట్ మీద కాదు, మార్కుల మీద. నైట్రోజన్‌తో పోసే స్టౌట్ ఉంటే తప్పకుండా తాగండి. 1959లో గిన్నిస్ వాళ్లు కెగ్ బీరుకి తెచ్చిన పద్ధతి అది, నైట్రోజన్ బీర్లో సరిగ్గా కరగదు కాబట్టి బుడగలు చాలా చిన్నగా ఉండి నురగ మీగడలా నిలబడుతుంది. నాలుగు శాతం చిల్లర ఆల్కహాల్‌తోనే అంత నిండుగా అనిపించడం గొప్ప పని, దాన్ని పన్నెండు శాతం స్టౌట్ పక్కన పెట్టి తక్కువ మార్కులేయడం నాకస్సలు నచ్చదు. చల్లటి ఫ్రిజ్‌లోంచి నేరుగా ఇచ్చిన ఇంపీరియల్ స్టౌట్‌ని మాత్రం ఓ పావుగంట బల్ల మీద వదిలేయండి, 12 డిగ్రీల దగ్గరికొచ్చాక అందులో చాక్లెట్, ఎండుపళ్ల వాసనలు బయటికొస్తాయి.

మార్కులు ఎలా వేయాలో తెలీక తికమకపడేవాళ్లకి బీజేసీపీ (బీరు జడ్జిలకి సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ) వాళ్ల షీట్ మంచి దారి. బీరు పోటీల జడ్జిలు వాడేది, మొత్తం 50 మార్కులు, వాసనకి 12, కనిపించే తీరుకి 3, రుచికి 20, నోట్లో ఆనే తీరుకి 5, మొత్తం మీద ఎలా ఉందన్నదానికి 10. రంగూ నురగా కలిపి మూడంటే మూడు. అన్నిటికంటే ముఖ్యం ఏంటంటే ఏ రకం బీరుని ఆ రకంతోనే పోల్చాలి, పిల్స్‌నర్ మంచి పిల్స్‌నరా కాదా అన్నదే ప్రశ్న, స్టౌట్ అంత ఘాటుగా ఉందా అన్నది కాదు. ఇదొక్కటి అందరూ పాటిస్తే పైన చెప్పిన గోడౌన్ లాంటి చోట్లకి రావాల్సిన పేరు వస్తుంది. నేను బల్లలకీ పాటలకీ గోడ మీద బొమ్మలకీ విడిగా రాస్తాగానీ బీరు మార్కుల్లో కలపను. కౌంటర్‌లో మనిషికి మాత్రం కలుపుతా. ఏ బీరులో ఏ హాప్స్ ఉన్నాయో చెప్పి, ఎంచుకునేముందు ఒక గుక్క రుచి చూపించి, బాలేదని చెప్తే వాదించకుండా తీసుకుని తనూ వాసన చూసే మనిషి ఉన్న టాప్‌రూమ్‌కి నేను ఎంత దూరమైనా వెళ్తా, బండి ఇంటి దగ్గర వదిలేసి.

ఇంటికి గ్రౌలర్‌లో (టాప్ దగ్గర బీరు నింపించుకునే పెద్ద మూత సీసా) పట్టించుకునేవాళ్లకి ఒక్కటి. టాప్ నుంచి నేరుగా నింపితే గాలి కలుస్తుంది, మూత తీయకపోయినా రెండు మూడు రోజుల్లో తాగేయాలి, తీస్తే ఆ రోజే. ముందు కార్బన్ డయాక్సైడ్‌తో లోపలి గాలి తరిమేసి, అడుగు దాకా గొట్టం పెట్టి నింపే చోటైతే ఇంకొంచెం ఆగుతుంది. మంచి టాప్‌రూమ్ వాళ్లు నింపిన తేదీ మూత మీద రాసి, ఎప్పటిలోగా తాగాలో చెప్పి మరీ చేతికిస్తారు, అలా చెప్పని చోట నేను గ్రౌలర్ తీసుకోను, గ్లాసు అక్కడే తాగి వచ్చేస్తా.