అడుగు ప్యానెళ్లు ఉప్పు తుప్పును ఆపుతాయా? కొన్ని చలికాలాలు వాడాక నా మాట

కారు కొన్న కొత్తలో అడుగు ప్యానెళ్లను, అంటే కారు కింద భాగాన్ని మూసేలా బిగించే పలకలను, తెగ మెచ్చుకున్నాను. హైవే మీద రొద తగ్గింది, ఆ మాటకు ఇప్పటికీ కట్టుబడే ఉన్నాను. అసలు వాటిని బిగించేదే కారు కింద గాలి సాఫీగా పోవడానికి. మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు తెచ్చే తుప్పు నుంచి కాపాడతాయన్నది మనం కల్పించుకున్న బోనస్.

మొన్న వసంతంలో బ్రేక్ లైన్లు (బ్రేక్ ఆయిల్ పోయే సన్న పైపులు) చూపిద్దామని అన్నీ విప్పించాను. మధ్య ప్యానెళ్ల పైన ఫ్లోర్ రేకు కొత్తదానిలా మెరిసిపోతోంది. కంపెనీ పెయింట్ మీద గీత కూడా లేదు. సంబరపడ్డాను. వెనక ప్యానెల్ కిందికి దించగానే ఇసుక, కుళ్లిన ఆకులు, ఉప్పు కలిసిన బురద ముద్దలుగా జారిపడింది. రోడ్లు ఆరిపోయి చాన్నాళ్లయినా అది ఇంకా తడిగానే ఉంది. మంచు కరగడానికి చల్లే వాటిలో మామూలు ఉప్పే కాదు, కాల్షియం క్లోరైడ్, మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటాయి. అవి గాల్లో తేమను లాక్కుంటాయి. పైగా లోపల గాలి ఆడదు. గడ్డకట్టే చలిలో తుప్పు మెల్లగానే పాకుతుంది, ఎండలు మొదలయ్యాకే జోరందుకుంటుంది. సరిగ్గా అప్పుడే ఆ బురద అక్కడ కూర్చుని ఉంది! దానికి ఆనుకున్న బ్రేక్ లైన్ క్లిప్పు దగ్గర పొక్కులు లేచాయి, మార్పించక తప్పలేదు.

కింద నుంచి నీళ్లు చిమ్మే కార్ వాష్‌కి క్రమం తప్పకుండా వెళ్లేవాణ్ని. ఆ నీళ్లు ప్యానెల్‌కి తగిలి కిందికే పోతాయి, పైనున్న బురదను తాకవు. ఇక బోల్టులు! తుప్పుకి బిగుసుకుపోయి విప్పుతుంటే కొన్ని తెగాయి, ఒకదాని నట్టు లోపలే గిర్రున తిరిగింది. మెకానిక్ విసుక్కున్నాడు, కూలీ పెరిగింది.

చక్రాల దగ్గర వాటిని కారు బాడీకి కలిపే కంట్రోల్ ఆర్మ్‌లు, సైలెన్సర్ పైపు ఎలాగూ బయటే ఉంటాయి, వాటికి ప్యానెల్ చేసేదేమీ లేదు. అయినా నా కోపం వాటి గురించి కాదు. ప్యానెల్ లేకపోతే ఆ బ్రేక్ లైన్ ముందే కంటపడేది.

తిరిగి బిగించాను, కొత్త బోల్టులకు గ్రీజు పూసి మరీ. నా కారు ఆరుబయటే ఉంటుంది, ఉప్పునీళ్లు చల్లిన హైవే మీదే రోజూ తిరుగుతుంది, పాడయ్యేదాకా అమ్మే ఉద్దేశం లేదు. అందుకని ఇకపై ఏటా మంచు కాలం పోగానే వెనకదైనా విప్పి కడిగిస్తాను. మూడు నాలుగేళ్లకే కారు మార్చేవాళ్లకు ఇంత తంటా అక్కర్లేదేమో. రేకు వరకైతే ప్యానెళ్లు పనిచేశాయనే చెబుతాను, అదీ నా కారులో, మధ్య భాగంలో.