మోకరించి చూపించమన్న దర్జీ మాస్టారు

ముందే చెప్పేస్తాను. ఈ మాస్టారు చెప్పిన తేదీకి బట్టలు ఇవ్వరు. నవంబరు 28 అన్నది డిసెంబరు 3 అయింది, 3 అన్నది 7వ తేదీ రాత్రి ఎనిమిదిన్నర అయింది. మర్నాడే అమలోద్భవి మాత పండుగ, అంటే మరియమాత పండుగ. విశాఖపట్నంలో మరియమాత గుడి ఉన్న రాస్ కొండ మీద నాకు తెల్లవారుజాము నుంచే పని. అంత కంగారు పెట్టిన మనిషికి ఐదుకు నాలుగు నక్షత్రాలు ఇస్తున్నాను.

నేను గురువిద్యార్థిని, అంటే గురువు (ఫాదర్) కావడానికి చదువుకుంటున్నవాణ్ణి. తత్వశాస్త్రం ముగిసింది, దైవశాస్త్రం ఇంకా మొదలుకాలేదు. ఈ మధ్యలో ఒక ఏడాది విచారణలో, అంటే ఒక ఫాదర్ చూసుకునే గుడి పరిధిలో, ఉండి పని నేర్చుకోవాలి. పని అంటే హాస్టలు పిల్లల చేత ఎక్కాలు చెప్పించడం, ఆదివారం పిల్లలకు మత పాఠాలు చెప్పే సత్యోపదేశం తరగతి, గాయక బృందానికి హార్మోనియం, మంచం పట్టిన వృద్ధుల దగ్గర కాసేపు కూర్చోవడం, మధ్యలో ఫాదర్ గారి మోటారు సైకిల్‌కు పెట్రోలు పోయించుకు రావడం. అందరూ బ్రదర్ అని పిలుస్తారు. పూజ సమయంలోనూ పండుగల్లోనూ తెల్లని నిలువుటంగీ వేసుకుంటాము. దాన్నే మేము కాసక్ అంటాము.

నా మొదటి కాసక్ వేరే ఊళ్ళో తయారుగా ఉన్నది కొన్నాను. దాని భుజాలు నావి కావు, పొడవూ నాది కాదు. పోయిన పవిత్ర గురువారం (గుడ్ ఫ్రైడే ముందు రోజు) మా ఊరి గుడిలో ధూపపాత్ర పట్టుకుని మోకరించి, లేవబోతూ ముందు అంచు తొక్కాను. పడలేదు కాని, పాత్ర ఊగి ఒక నిప్పురవ్వ ఒడిలో పడి పెసరగింజంత చిల్లు చేసింది. ముందు వరుసలో ఒక అవ్వ "యేసు, మరియ, జోజప్పా!" అని పైకే అనేసింది. నాన్న ఆ గుడికి ఉపదేశి, అంటే ప్రార్థనలు, మత పాఠాలు చెప్పే మనిషి. ఇంటికి వచ్చాక ఏమీ అనలేదు. చిల్లు వైపు చూసి, భోజనం చేసి పడుకున్నారు. తిట్టినా బాగుండేది.

ఈ దుకాణం గురించి మా విచారణలో వంట చేసే అమ్మ చెప్పింది. జ్ఞానాపురం నుంచి పాతనగరానికి నడిచే వెళ్ళాను. ఒక జపమాల పూర్తయి, రెండో జపమాలలో మూడో దేవరహస్యం, అంటే మూడో భాగం, దగ్గరికి వచ్చేసరికి కురుపాం మార్కెట్ వచ్చింది. మెరిసిపోయే బంగారం దుకాణాలు దాటాక ఒక ఇరుకు సందు ఉంటుంది. బోర్డు లేదు. నీలం తలుపు, గుమ్మం పక్కన పాత ఉషా మిషను, దాని మీద సుద్దముక్కలు వేసుకునే కొబ్బరి చిప్ప, ఇవే ఆనవాళ్ళు. లోపల ఇద్దరే మనుషులు. మాస్టారు కత్తిరిస్తారు, కుడతారు. ఆయన భార్య కాజాలు, గుండీలు, అంచు మడతలు చేత్తో చూసుకుంటారు.

గోడకు పూజా వస్త్రాలు వేలాడుతున్నాయి. ఆకుపచ్చ, ఎరుపు, క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలానికి ఊదా. ఒక మూలన గులాబీ రంగుది కూడా ఉంది. ఆ రంగు ఏడాదికి రెండే ఆదివారాలు వేసుకుంటారు, ఆగమన కాలంలో మూడోది, ఈస్టరుకు ముందు వచ్చే తపస్సు కాలంలో నాలుగోది. దాన్ని నేను చూస్తుండగా మాస్టారు అందుకున్నారు. "రెండు సార్లే కదా వేసుకునేది, కూలి తగ్గించమంటారు బ్రదర్ గారూ. రెండు సార్లు వేసుకునేదైనా కుట్టేది ఒక్కసారేనా?" ఈ లెక్క నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. నవ్వి ఊరుకున్నాను.

ఇక కొలతల విషయం. ఆదిగా పాత కాసక్ తీసుకెళ్ళాను. ఆయన దాన్ని తిరగేసి, మరగేసి, చిల్లు దగ్గర వేలు పెట్టి "ఇదెలా అయింది?" అన్నారు. చెప్పాను. పాత కాసక్ మడిచి పక్కన పెట్టి, నా కాళ్ళ వైపు చూశారు. ఆ రోజు బూట్లు వేసుకుని ఉన్నాను.

"గుడిలో ఇవే వేసుకుంటారా?"

"లేదండీ, చెప్పులు. పీఠం దగ్గరికి వెళ్ళేటప్పుడు అవీ ఉండవు."

"అయితే రేపు చెప్పులతో రండి."

అంతే, ఆ రోజుకు పంపించేశారు. రెండు కిలోమీటర్ల పైన నడిచి వచ్చానన్నా వినలేదు. కోపం వచ్చిన మాట నిజం. తిరుగు దారిలో జపమాల తీయలేదు.

మర్నాడు చెప్పులతో వెళ్ళాను. భుజం, ఛాతీ, చెయ్యి టేపు పెట్టి తీసుకున్నారు. అక్కడి దాకా అందరు దర్జీలూ చేసేదే. ఆ తర్వాత ఒక పాత దుప్పటి నా నడుముకు చుట్టి, పిన్నులు పెట్టి "మోకరించండి" అన్నారు. సిమెంటు గచ్చు మీద మోకరించాను. "లేవండి." లేచాను. "అలా కాదు, చేతిలో ఏదైనా పట్టుకుని లేవండి." ఇస్త్రీపెట్టె చేతికిచ్చారు. బొగ్గుల ఇస్త్రీపెట్టె, బరువు ధూపపాత్రకు ఏమాత్రం తీసిపోదు. మళ్ళీ మోకరించి లేచాను. ఆయన నేల మీద గొంతుక్కూర్చుని, లేచే కాలు ఎక్కడ ఆనుతోందో, దుప్పటి అంచు ఎక్కడికి జారుతోందో చూస్తూ సుద్దతో గీత పెట్టారు. మూడు సార్లు మోకరింపించారు, మూడు గీతలు పెట్టారు, మధ్య గీత ఉంచి మిగతా రెండూ బొటనవేలితో చెరిపేశారు. తర్వాత ముక్కాలి పీట చూపించి ఎక్కమన్నారు. కొండ మెట్లకు కొలత అది. ముందు అంచు వెనుక అంచు కంటే ముప్పావు అంగుళం పైకి ఉంచుతానన్నారు. నిలబడితే ఆ తేడా ఎవరికీ కనిపించదు.

నాకు పాఠాలు చెప్పిన వాళ్ళు చాలామంది ఉన్నారు. గుడిలో ఎలా లేవాలో ఇస్త్రీపెట్టె చేతికిచ్చి నేర్పినవారు ఈయనొక్కరే.

గుండీల దగ్గర నాకూ ఆయనకూ వాదన జరిగింది. క్రీస్తు ప్రభువు భూమి మీద గడిపిన సంవత్సరాల లెక్కన కాసక్‌కు 33 గుండీలు పెట్టే ఆనవాయితీ ఒకటి ఉంది. నాకు ఆ 33 కావాలి. కాజా అంటే నాకు అప్పటిదాకా తినేదే గుర్తొచ్చేది. గుండీ కాజా ఎలా తయారవుతుందో మాస్టారి భార్య చేతిలో చూశాను. ముందు గీత మీద చిన్న కోత, దాని చుట్టూ దారం పడుగులా పరిచి, సూది మొనకు ప్రతిసారీ దారం మెలిపెట్టి లాగుతూ ఒక్కొక్క కుట్టే పేర్చుకుంటూ పోవడం. ఒక కాజాకు పది నిమిషాలు. ఆవిడ తలెత్తకుండానే "ముప్పై మూడైతే ఐదున్నర గంటలు, బాబూ" అన్నారు. మాస్టారు ఇంకోవైపు నుంచి వచ్చారు. "పొద్దున్న ఐదింటికి గంట కొడతారు కదా, అవన్నీ ఎప్పుడు పెట్టుకుంటారు?" ఏడుకు ఒప్పుకున్నాను. జ్ఞానస్నానం లాంటి దివ్య సంస్కారాలు ఏడు కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

జేబులు ఈ దుకాణానికి మకుటం. కుడి పక్కన కుట్టులో చిన్న చీలిక వదిలారు, అందులోంచి ప్యాంటు జేబులోకి చెయ్యి వెళుతుంది. గుడి తాళాలు, ఫోను అందులోనే ఉంటాయి. ఎడమవైపు లోపల జపమాలకు వేరే జేబు, రెండు పొరల బట్టతో. అడగకుండానే కారణం చెప్పారు, జపమాల సిలువ కొన గుచ్చుకుని ఏడాదిలోపే జేబుకు చిల్లు పడుతుందట. నా పాత కాసక్ జేబు తిరగేసి చూశాను. సరిగ్గా అక్కడే చిల్లు!

బట్ట ఆయనే ఇప్పించారు. స్వచ్ఛమైన నూలు చల్లగా ఉంటుంది కాని మొదటి పాటకే నలిగిపోతుంది. టెరికాటన్ నలగదు కాని, మన సముద్రపు గాలిలో చెమట పట్టేస్తే ఆరదు. నూలు ఎక్కువ ఉన్న కలనేత తీసుకోమన్నారు. మీటరు 180, నాలుగున్నర మీటర్లకు 810 రూపాయలు. కుట్టుకూలి 950. మొత్తం 1,760. నా నెలవారీ చేతిఖర్చు ఎంతో చెబితే నవ్వుతారు, అందుకని చెప్పను. మా అమ్మ కోడిగుడ్లు అమ్మి దాచింది పంపింది. కత్తెర పెట్టే ముందు బట్టను ఒక రాత్రంతా బకెట్టు నీళ్ళలో నానబెట్టి, నీడన ఆరేశారు. ఉతికాక కుంచించుకోదని హామీ. నాలుగు ఉతుకులయ్యాయి, ఇప్పటికి మాట నిలబడింది.

ఉష్ణ దేశాల్లో గురువులకు నలుపు బదులు తెలుపు అనుమతించడం మంచి పని. 1846లో ఇప్పటి ఫ్రాన్స్‌లోని ఆనెసీ నుంచి ఫ్రాన్సిస్ డి సేల్స్ సభ మిషనరీలు ఈ తీరానికి వచ్చారు. మొదటి వేసవి ఎలా గడిపారో అని కాసక్ వేసుకున్నప్పుడల్లా అనుకుంటాను. తెలుపుతో కష్టమల్లా పాతనగరం ధూళి. సాయంత్రానికి మెడపట్టీ లోపల బూడిద రంగు గీత కనిపిస్తుంది.

7వ తేదీ సాయంత్రం మూడు సార్లు వెళ్ళాను. మొదటిసారి "ఒక్క గంట" అన్నారు. రెండోసారి దుకాణం తలుపు వేసి ఉంది. మూడోసారి అమ్మగారు చివరి కాజా కుడుతున్నారు, కరెంటు లేదు, మాస్టారు ఫోను లైటు పట్టుకుని నిలబడ్డారు. నాకు పూర్తిగా కోపగించుకునే అవకాశం కూడా ఇవ్వలేదు. ఆలస్యానికి ఒక నక్షత్రం మాత్రం తీసేశాను, అది తిరిగి ఇవ్వను.

పండుగ నాడు తెల్లవారుజామున నాలుగున్నరకు కొండ ఎక్కాను. కింద నౌకాశ్రయం దీపాలు, అవతల డాల్ఫిన్స్ నోస్ నల్లగా, పక్క కొండల మీద వెంకన్న గుడి, దర్గా. మధ్యాహ్నం దాకా ఎక్కడం, దిగడమే పని. కొవ్వొత్తుల పెట్టెలు మోశాను, తప్పిపోయిన ఒక పిల్లవాడిని ఎత్తుకుని వాళ్ళ నాయనమ్మను వెతికాను, పూజలో ధూపపాత్ర పట్టుకున్నాను. మోకరించాను, లేచాను. అంచు కాలి కింద పడలేదు. ఆ ఒక్క క్షణం నా మనసు ప్రార్థన మీద కాకుండా మాస్టారు గీసిన మధ్య గీత మీద ఉంది, దేవుడు క్షమించాలి. పని ముగిశాక స్వచ్ఛంద సేవకులందరం మెట్ల మీద కూర్చుని వేడి పునుగులు తిన్నాము. నూనె మరక పడకుండా ఒడిలో వార్తాపత్రిక పరుచుకున్నది నేనొక్కడినే. అందరూ వెక్కిరించారు.

లోపాలు లేకపోలేదు. ఎడమ చంక బిగువైంది. గాయక బృందానికి చేతులెత్తి తాళం చూపిస్తే వీపంతా పైకి లాగేది. మళ్ళీ తీసుకెళితే డబ్బు తీసుకోకుండా పావుగంటలో వదులు చేసి ఇచ్చారు, లోపల అందుకు సరిపడా బట్ట ముందే వదిలారు. ఇంకొకటి, బట్ట పలచన. ముదురు రంగు ప్యాంటు లోపలి నుంచి కనిపిస్తుంది. నడుము దాకా లైనింగ్ అడగండి, అడగకపోతే వేయరు. రసీదు ఇవ్వరు, నోటుపుస్తకంలో రాసుకుంటారు. నా పేరు బదులు "చిల్లు బ్రదర్" అని రాసుకున్నారు, చూశాను.

ఫొటో ఇంటికి పంపాను. అమ్మ వెంటనే ఫోను చేసి "లోపల బనీను వేసుకున్నావా లేదా?" అని అడిగింది. నాన్న ఫోను అందుకుని, కాస్త ఆగి, "పొడవు సరిపోయింది" అన్నారు.

గురువారాలు దుకాణం ఉండదు. మిగతా రోజులు పదింటికి తలుపు తెరుస్తారు. మీకు కావలసిన రోజుకు పది రోజుల ముందు తేదీ చెప్పండి, అసలు తేదీ చెప్పవద్దు. గుడిలో ఏమి తొడుక్కుంటారో అవే తొడుక్కుని వెళ్ళండి. మోకాళ్ళ నొప్పులున్న ఫాదర్లు ఆ సంగతి ముందే చెబితే మంచిది, గచ్చు మీద చాప కూడా ఉండదు.