ఫొటోలు, బొమ్మలు, పాటల కోసం కొన్న కంప్యూటర్: నాలుగేళ్లు వాడాక నా సమీక్ష

2021 చివర్లో ఈ సిస్టమ్ కొన్నాను. నాలుగేళ్లు దాటింది. రోజూ గంటైనా ఇంట్లో ఎవరో ఒకరం దీని ముందు కూర్చుంటాం. నాకు ఫొటోల పిచ్చి. మా అమ్మాయి బొమ్మలు వేస్తుంది. అమ్మ పాడే పాటలు రికార్డు చేసి దాచుకుంటున్నాం. ఏడాదికి నాలుగైదు చిన్న వీడియోలు ఎడిట్ చేస్తాం. మాలో ఎవరికీ ఇది వృత్తి కాదు, ఇష్టం అంతే.

ఇలాంటి వాడకం కోసం కంప్యూటర్ కొనాలనుకునేవాళ్లు ముందు అడిగేది "ప్రాసెసర్ ఏది తీసుకోవాలి?" అనే. నేనూ కొనేముందు నెల రోజులు దాని గురించే చదివాను. తీరా చూస్తే, ఈ నాలుగేళ్లలో ప్రాసెసర్ చాల్లేదని బాధపడిన రోజు ఒక్కటీ లేదు. ఇబ్బంది పెట్టినవన్నీ వేరే: ర్యామ్ పెట్టిన తీరు, మానిటర్ సెట్టింగులు, డిస్కులో చోటు, ఫ్యాన్ చప్పుడు. అందుకే ఈ సమీక్షలో వాటి గురించే ఎక్కువ చెప్తాను.

ముందు సిస్టమ్ వివరాలు. అసెంబుల్ చేయించిన డెస్క్‌టాప్. ఏఎమ్‌డీ రైజెన్ 5 5600జీ ప్రాసెసర్, ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు. గ్రాఫిక్స్ ప్రాసెసర్‌లోనే కలిసి ఉంటుంది. ఆ ఏడాది చిప్‌ల కొరత, క్రిప్టో మైనింగ్ రెండూ కలిసి గ్రాఫిక్స్ కార్డులు దొరకని పరిస్థితి, దొరికినా ధరలు అసలు ధరకు ఎంతో పైన ఉండేవి. అందుకని కార్డు తర్వాత చూసుకోవచ్చని, పవర్ సప్లై మాత్రం 550 వాట్లది పెట్టించాను. ఇంకా 500 జీబీ ఎన్‌వీఎమ్‌ఈ ఎస్‌ఎస్‌డీ (వేగంగా పనిచేసే రకం డిస్కు), 16 జీబీ ర్యామ్, 27 అంగుళాల ఐపీఎస్ మానిటర్. కార్డు మీద మిగిలిన డబ్బు మానిటర్‌కి పెట్టాను. ఇప్పుడు వెనక్కి తిరిగి చూసుకుంటే నేను తీసుకున్న నిర్ణయాల్లో అన్నిటికన్నా మంచిది అదే.

మొదటి మూడు నెలలు మాత్రం సిస్టమ్ మీద అసంతృప్తిగానే ఉండేది. ఫొటోను పెద్దది చేసి చూస్తే బొమ్మ తేరుకోవడానికి ఒక క్షణం పట్టేది. ఎడిటింగ్ ప్రోగ్రామ్‌లో టైమ్‌లైన్ మీద వీడియో ఆగి ఆగి నడిచేది. ఒకరోజు టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ తెరిచి చూశాను. ర్యామ్ స్పీడ్ 2666 అని ఉంది. నేను కొన్నది 3200 ర్యామ్. పైగా నాలుగు స్లాట్లలో ఒక్కదాంట్లోనే స్టిక్ ఉంది. అసెంబుల్ చేసినతను 16 జీబీ మొత్తం ఒకే స్టిక్‌గా పెట్టాడు, బయాస్‌లో (విండోస్ మొదలవకముందు తెరిచే సెట్టింగుల మెనూ) ఎక్స్‌ఎమ్‌పీ, అంటే ర్యామ్‌ని దాని పూర్తి వేగంతో నడిపించే సెట్టింగు, ఆన్ చేయలేదు.

ఇది ఎందుకంత ముఖ్యమో అప్పటికి నాకు తెలియదు. గ్రాఫిక్స్ ప్రాసెసర్‌లోనే ఉన్నప్పుడు దానికి సొంత మెమరీ ఉండదు, ర్యామ్‌నే వాడుకుంటుంది. 2666 దగ్గర ఒక్క స్టిక్ సెకనుకు దాదాపు 21 జీబీ డేటా అందించగలదు. అదే 3200 దగ్గర రెండు స్టిక్‌లు రెండు ఛానెళ్లలో, అంటే డేటా నడిచే రెండు దారుల్లో, ఉంటే 51 జీబీ. అంటే నేను డబ్బు పెట్టి కొన్న గ్రాఫిక్స్‌ని సగం ఆకలితో నడిపిస్తున్నానన్నమాట. అలాంటిదే ఇంకో 16 జీబీ స్టిక్ తెచ్చి పెట్టి, ఎక్స్‌ఎమ్‌పీ ఆన్ చేశాను. ఆ సాయంత్రం అదే వీడియో అదే టైమ్‌లైన్ మీద ఆగకుండా నడిచింది. ఈ రోజుకీ ఎవరైనా కొత్త సిస్టమ్ తెచ్చుకుంటే ముందు నేను చూడమనేది ఆ టాస్క్ మేనేజర్ పేజీనే.

32 జీబీ ర్యామ్ మామూలు ఇంటి వాడకానికి ఎక్కువ కాదా అని అడుగుతారు. లెక్క చూడండి. నా కెమెరా 24 మెగాపిక్సెళ్లది. ఆ ఫొటోను ఒక్కో రంగుకు 16 బిట్‌ల చొప్పున తెరిస్తే ఒక్క లేయర్‌కే (ఒకదానిమీద ఒకటి పేర్చే పొర) 144 ఎంబీ అవుతుంది. పది లేయర్లు వేస్తే దాదాపు ఒకటిన్నర జీబీ. అన్‌డూ చరిత్ర, పక్కన తెరిచి ఉన్న బ్రౌజర్, విండోస్ తినేది అదనం. 16 జీబీతో పని జరుగుతుంది, కానీ ఒక్కోసారి ఏది మూసేయాలా అని చూసుకోవాల్సి వస్తుంది. 32 అయ్యాక ఆ ఆలోచనే పోయింది.

ఇక మానిటర్. 2560 గుణకం 1440 రిజల్యూషన్. 27 అంగుళాలకు ఇది సరిగ్గా సరిపోతుంది. అక్షరాలు చదవడానికి హాయిగా ఉంటాయి, ఫొటోలో వివరాలు కనిపిస్తాయి. కొన్న కొత్తలో దాని రంగులు చూసి మురిసిపోయాను. ఎరుపు ఎర్రగా, ఆకుపచ్చ మెరుస్తూ ఉండేవి. ఆ మురిపెంలోనే కుటుంబ ఫొటోలు ఒక అరవై ఎడిట్ చేసి, ఆల్బమ్ కోసం ప్రింట్‌కి ఇచ్చాను. వచ్చిన ప్రింట్లు చూస్తే గుండె జారిపోయింది. ముఖాలన్నీ పాలిపోయి, పైగా చీకటిగా ఉన్నాయి. ప్రింట్ చేసినవాళ్ల తప్పేమో అనుకున్నాను. కాదు, తప్పు నా టేబుల్ మీదే ఉంది.

రెండు కారణాలు. ఈ మానిటర్ మామూలు ఎస్‌ఆర్‌జీబీ (చాలా స్క్రీన్లు పాటించే రంగుల ప్రమాణం) కన్నా విస్తారమైన రంగులు చూపిస్తుంది. రంగుల ప్రొఫైల్, అంటే రంగులను ఎలా చూపించాలో చెప్పే సమాచారం, పట్టించుకోని ప్రోగ్రాముల్లో ఫొటో తెరిస్తే చర్మం రంగు ఉన్నదానికన్నా ఎర్రగా కనిపిస్తుంది. నేను ఆ ఎరుపు తగ్గిస్తూ పోయాను. రెండోది వెలుతురు. మానిటర్ ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు బ్రైట్‌నెస్ బాగా ఎక్కువ పెట్టి ఉంటుంది. ఆ వెలుగులో చీకటి ఫొటో కూడా బాగానే కనిపిస్తుంది, కాగితానికి ఆ వెలుగు ఉండదు కదా. మానిటర్ మెనూలోనే ఎస్‌ఆర్‌జీబీ మోడ్ ఉంది, అది పెట్టాను. తర్వాత ఒక తెల్ల కాగితాన్ని స్క్రీన్ పక్కన పట్టుకుని, స్క్రీన్ మీది తెలుపు ఆ కాగితం తెలుపంత వెలుతురుతో కనిపించేదాకా బ్రైట్‌నెస్ తగ్గించాను. మొదటి రెండు రోజులు స్క్రీన్ మసకబారినట్టు అనిపించింది, తర్వాత కళ్లు అలవాటు పడ్డాయి. ఆ అరవై ఫొటోలూ మళ్లీ ఎడిట్ చేశాను. ఈసారి ప్రింట్లలో అమ్మ ముఖం అమ్మ ముఖంలాగే ఉంది. స్క్రీన్ రంగులను కొలిచి సరిచేసే కాలిబ్రేషన్ పరికరం ఉంటే ఇంకా మంచిదే, కానీ నాలాంటివాడికి ఈ రెండు మార్పులతోనే తొంభై పాళ్లు పని అయిపోయింది.

మా అమ్మాయి క్రీటాలో బొమ్మలు వేస్తుంది. ఉచిత ప్రోగ్రామే అయినా దాంట్లో బ్రష్‌లు చూస్తే ముచ్చటేస్తుంది. స్క్రీన్ లేని చిన్న పెన్ ట్యాబ్లెట్ కొనిచ్చాను. పెన్‌లో బ్యాటరీ ఉండదు, ఛార్జింగ్ గొడవ లేదు. మొదటి రోజే వచ్చి "నాన్నా, గుండ్రంగా గీస్తుంటే కోలగా వస్తోంది" అంది. చెయ్యి అలవాటు కాలేదేమో అన్నాను. మళ్లీ మళ్లీ గీసి చూపించింది, ప్రతిసారీ కోలగానే వస్తోంది. ట్యాబ్లెట్ కొలత 16కి 10, మానిటర్ 16కి 9. మొత్తం ట్యాబ్లెట్‌ని మొత్తం స్క్రీన్‌కి సాగదీసి అతికిస్తే బొమ్మ అడ్డంగా సాగుతుంది. డ్రైవర్ సెట్టింగుల్లో నిష్పత్తి మారకుండా ఉంచే ఆప్షన్ ఒకటి ఉంది, అది టిక్ చేయగానే సరిపోయింది. పిల్ల చెప్పిన మాట ముందే నమ్మి ఉండాల్సింది. బొమ్మలు వేయడానికి కంప్యూటర్ మీద భారం దాదాపు ఏమీ పడదు. దానికోసమే అయితే ఈ సిస్టమ్‌లో సగం ఉన్నా చాలు.

పాటల రికార్డింగ్ దగ్గర అసలు కష్టం మొదలైంది. ప్రాసెసర్‌తో పాటు వచ్చిన చిన్న కూలర్ మామూలుగా పని చేస్తున్నప్పుడు వినిపించదనే అనుకున్నాను. రాత్రిపూట ఇల్లంతా నిశ్శబ్దంగా ఉన్నప్పుడు అమ్మ పాడింది, రికార్డు చేశాం. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే, ఆమె ఊపిరి తీసుకునే ప్రతి విరామంలోనూ సన్నటి హోరు. ఆడాసిటీ అనే ఆడియో ప్రోగ్రామ్‌లో చప్పుడు తగ్గించే నాయిస్ రిడక్షన్ వాడాను. చప్పుడు పోయింది, దాంతోపాటు గొంతులోని గమకమూ అరిగిపోయింది. నీళ్లలోంచి పాడుతున్నట్టు వినిపించింది. ఆ పాటను అలా పాడుచేయడం మనసొప్పక పాత రికార్డింగే ఉంచుకున్నాను.

తర్వాత పెద్ద కూలర్, దానికి 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ పెట్టించాను. పెద్ద ఫ్యాన్ నెమ్మదిగా తిరిగినా అంతే గాలి తోస్తుంది, చప్పుడు తక్కువ. బయాస్‌లో ఫ్యాన్ వేగాన్ని కూడా తగ్గించాను, అరవై డిగ్రీలు దాటేదాకా అది నిదానంగానే తిరుగుతుంది. కేబినెట్‌ని టేబుల్ పైనుంచి కిందికి దించి, మైక్ వెనక భాగం కేబినెట్ వైపు ఉండేలా తిప్పాను. మా మైక్ కార్డియాయిడ్ రకం, వెనక నుంచి వచ్చే ధ్వనిని బాగా తక్కువ పట్టుకుంటుంది. అప్పుడు అమ్మతో అదే పాట మళ్లీ పాడించాను. విరామాల్లో గది నిశ్శబ్దం తప్ప ఇంకేమీ లేదు.

రికార్డింగ్‌లో ఇంకో చిక్కు, హెడ్‌ఫోన్‌లో తన గొంతు తనకే ఆలస్యంగా వినిపించడం. కంప్యూటర్ ధ్వనిని ఒక్కో విడతగా పోగుచేసుకునే బఫర్ 1024 శాంపిళ్లు ఉంటే, 48 కిలోహెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకు 48 వేల శాంపిళ్ల చొప్పున, అదొక్కటే 21 మిల్లీసెకన్లు. పాడేవాళ్లకు అది తాళం తప్పించేంత ఆలస్యం. 128కి దించితే 2.7 మిల్లీసెకన్లు. ఈ ప్రాసెసర్ 128 దగ్గర ఎక్కడా తడబడలేదు.

వీడియోల సంగతి క్లుప్తంగా చెప్తాను. ఫోన్‌లో తీసిన 4కే వీడియోలో ఒక్కో ఫ్రేమ్‌కి దాదాపు 83 లక్షల పిక్సెళ్లు, ఫుల్ హెచ్‌డీలో అందులో నాలుగో వంతు. డావించీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ ప్రోగ్రామ్ ఉచిత వెర్షన్‌లో ప్రాక్సీలు తయారు చేసుకుని, అంటే చిన్న సైజు నకళ్ల మీద ఎడిట్ చేసి, చివర్లో అసలు ఫైళ్లతో ఎక్స్‌పోర్టు చేస్తాను. ఇలా చేస్తే గ్రాఫిక్స్ కార్డు లేకుండానే రెండున్నరేళ్లు గడిచిపోయాయి. ఫోన్ వీడియోల్లో మాట, పెదాల కదలిక మెల్లమెల్లగా విడిపోతుంటే అది కంప్యూటర్ లోపం కాదు. ఫోన్ ఫ్రేమ్ రేట్‌ను మారుస్తూ తీస్తుంది. హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్పిడి ప్రోగ్రామ్‌లో ఒకే ఫ్రేమ్ రేట్‌కి మార్చుకుంటే సర్దుకుంటుంది. 2024లో 8 జీబీ గ్రాఫిక్స్ కార్డు చేర్చాను. నిమిషాలు పట్టే ఏఐ నాయిస్ తగ్గింపు ఇప్పుడు సెకన్లలో అవుతోంది, ఎక్స్‌పోర్టులు త్వరగా పూర్తవుతున్నాయి. సౌకర్యమే. కానీ మొదటి రోజే కొని మానిటర్ మీద తగ్గించుకుని ఉంటే మాత్రం పశ్చాత్తాపపడేవాణ్ణి.

డిస్కు విషయంలో నా అంచనా తప్పింది. 500 జీబీ పద్నాలుగు నెలల్లో నిండిపోయింది. ఎడిటింగ్ ప్రోగ్రాములు పని వేగం కోసం దాచుకునే క్యాష్ ఫైళ్లు చడీచప్పుడూ లేకుండా పెరిగిపోతాయి. ఇప్పుడు రెండు టీబీల సాటా ఎస్‌ఎస్‌డీ (పాత రకం కనెక్షన్‌ది) ఒకటి చేర్చాను, ఫొటోలన్నీ అందులోనే. కాగితం మీద ఎన్‌వీఎమ్‌ఈ కన్నా ఇది ఆరు రెట్లు నెమ్మది, ఫొటోలు తెరవడంలో నాకు తేడా తెలియలేదు. పాత హార్డ్ డిస్కు ఒకటి పోయిన ఏడాది ఉన్నట్టుండి టిక్కుటిక్కుమని ఆగిపోయింది. అందులోని పాటలన్నిటికీ వేరే డిస్కులో ఒక కాపీ, ఆన్‌లైన్‌లో ఒక కాపీ ఉండబట్టి ఆ రాత్రి నిద్ర పట్టింది.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి సపోర్టు ముగిసింది. నా సిస్టమ్ విండోస్ 11కి పనికిరాదని మెసేజ్ వచ్చినప్పుడు కాస్త టెన్షన్ పడ్డాను. బయాస్‌లో టీపీఎమ్ (విండోస్ 11 తప్పనిసరిగా అడిగే భద్రతా సదుపాయం) ఆఫ్‌లో ఉంది, అంతే. ఆన్ చేశాక ఉచితంగా 11కి మారిపోయింది.

ఇప్పుడు కొనేవాళ్లు ఇదే ప్రాసెసర్ వెతుక్కోనక్కర్లేదు, కొత్తవి ఇంతకన్నా మెరుగు. ఆపిల్ వాళ్ల చిన్న డెస్క్‌టాప్ మ్యాక్ మినీ కూడా మా వాడకానికి చక్కగా సరిపోతుంది. 2024లో వచ్చిన ఎమ్4 మోడల్ 16 జీబీతోనే మొదలవుతుంది. దాంట్లో ర్యామ్ తర్వాత పెంచుకునే వీలు లేదు కాబట్టి ఎంత కావాలో కొనేరోజే తేల్చుకోవాలి. ల్యాప్‌టాప్ తీసుకున్నా సరే, ఇంట్లో కూర్చుని పని చేసేటప్పుడు మంచి మానిటర్‌కి కలుపుకోండి.

నేనైతే ఇంకో రెండేళ్లు దీన్ని మార్చను. అమ్మ పాటలు ఇప్పటికి నూట పదహారు రికార్డయ్యాయి. ఇంకా చాలా ఉన్నాయట, ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటోంది.