పూర్తి మార్కులు వేసి కూడా ప్రశ్న అడిగిన ట్యూటర్: ఉద్యోగం చేస్తూ దూరవిద్యలో డిగ్రీ, నా అనుభవం

ఉద్యోగం చేస్తూ దూరవిద్యలో డిగ్రీ మొదలుపెట్టి చివరి ఏడాదికి వచ్చాను. రికార్డు చేసిన పాఠాలు, ఇంటికి వచ్చే పుస్తకాలు, సాయంత్రపు ఆన్‌లైన్ తరగతులు, తీరిక చూసుకుని చదువుకునే వీలు... ఇవన్నీ ఇలాంటి కోర్సుల్లో ఉండేవే కాబట్టి వాటి జోలికి పోను. నేను రాయదలచుకున్నది అసైన్‌మెంట్ దిద్ది పంపేటప్పుడు పక్కన ట్యూటర్ రాసే వ్యాఖ్యల గురించి. నేను మధ్యలో మానేయకుండా ఇంతదాకా రావడానికి కారణం అవే.

గణాంకశాస్త్రంలో మొదటి అసైన్‌మెంట్. ఒక పెద్ద సమూహం నుంచి తీసిన కొన్ని విలువలను, అంటే ఒక నమూనాను ఇచ్చి ప్రామాణిక విచలనం (విలువలు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) కట్టమన్నారు. సగటు తీసి, ప్రతి విలువకూ సగటుకూ ఉన్న తేడాను వర్గం చేసి, అన్నీ కూడి, ఎన్ మైనస్ 1తో, అంటే విలువల సంఖ్యలోంచి ఒకటి తీసేయగా వచ్చినదానితో భాగించి, వర్గమూలం తీశాను. మార్కులు పూర్తిగా పడ్డాయి. అయినా భాగహారం చేసిన వరుస పక్కన ట్యూటర్ గారు ఇలా రాశారు: “లెక్క సరిగ్గా ఉంది. విలువలు పది ఉన్నాయి కదా, తొమ్మిదితో ఎందుకు భాగించారు?”

పుస్తకం తెరిచి చూశాను. నమూనా అయితే ఒకటి తగ్గించి భాగించాలని ఉంది, కారణం లేదు. రికార్డు పాఠంలోనూ అంతే. అదే మాట ఆవిడకు రాశాను. జవాబుగా వివరణ వస్తుందనుకుంటే చిన్న పని వచ్చింది. “అయిదు సంఖ్యల సగటు 8. వాటిలో నాలుగు 5, 7, 8, 9. అయిదోది మీకు నచ్చినది వేసుకోగలరేమో చూడండి.”

రాత్రి షిఫ్టు విరామంలో ఫోనులో ఇది చదివి, దొరికిన కాగితం ముక్క మీద వేసి చూశాను. సగటు 8 కావాలంటే మొత్తం 40 రావాలి. నాలుగూ కలిపితే 29. అయిదోది 11 కాక తప్పదు, నా ఇష్టానికి అక్కడ చోటే లేదు. సగటును ఆ సంఖ్యల నుంచే తీశాక తేడాల్లో స్వేచ్ఛగా మారగలిగేవి నాలుగే, చివరిది మిగతావాటికి కట్టుబడి ఉంటుంది. ఇంకో సంగతి కూడా ఆ తర్వాతి ఉత్తరంలో ఆవిడే చెప్పారు. నమూనా సగటు ఎప్పుడూ ఆ సంఖ్యల నడిమధ్యనే ఉంటుంది కనుక దాని నుంచి కొలిచిన తేడాల వర్గాల మొత్తం, అసలు జనాభా (నమూనాను తీసిన మొత్తం సమూహం) సగటు నుంచి కొలిస్తే వచ్చేదానికంటే ఎన్నడూ మించదు, సాధారణంగా తక్కువే వస్తుంది. ఆ లోటును సరిదిద్దడానికే భాజకాన్ని ఒకటి తగ్గిస్తారు.

ఆ ఫలితం ఆ ఒక్క లెక్కతో ఆగలేదు. తర్వాతి పేపర్లో చుక్కల గుండా సరళరేఖ అమర్చే పాఠంలో ఎన్ మైనస్ 2 ఎదురైంది. రేఖ వాలునూ, అది నిలువు అక్షాన్ని తాకే చోటునూ, రెండింటినీ దత్తాంశాల నుంచే అంచనా వేశాం, అందుకే రెండు పోయాయి. పుస్తకం చెప్పకముందే నాకు తెలిసిపోయింది! పనితో అలసిపోయి కూర్చున్న మనిషికి ఆ సంతోషం ఎంత ఊపిరి పోస్తుందో అనుభవించినవారికే తెలుస్తుంది.

కళాశాలలో అయితే పక్క బెంచీలో ఎవరో ఒకరు ఉంటారు. మాలాంటి వాళ్లకు అలా ఎవరూ ఉండరు. ముక్కలు ముక్కలుగా చదువుతాం, అర్థమైందనుకుని ముందుకు పోతాం. అర్థం కాలేదని చెప్పేవారు ఉండాలి కదా. బ్రిటన్‌లో ఓపెన్ యూనివర్సిటీ 1969లో ఏర్పడి, 1971లో తొలి విద్యార్థులను చేర్చుకుంది. టీవీ పాఠాలతోనే దానికి పేరు వచ్చింది. కాని పోస్టులో వచ్చిన అసైన్‌మెంట్లను ట్యూటర్లు దిద్ది, వ్యాఖ్యలు రాసి తిప్పి పంపడం మొదటి నుంచీ ఆ చదువులో భాగమే. దీనికి భిన్నంగా హార్వర్డ్, ఎమ్‌ఐటీ ఎడెక్స్ అనే ఆన్‌లైన్ వేదికలో పెట్టిన వీడియో కోర్సుల లెక్కలను పరిశీలిస్తూ 2019లో సైన్స్ పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. 2017-18లో వాటిలో చేరినవారిలో పూర్తి చేసినవారు సుమారు 3 శాతమే. చూద్దామని చేరి వెళ్లిపోయేవారు అందులో చాలామంది ఉంటారు, నిజమే. అయినా వీడియో ఎంత గొప్పదైనా “ఎందుకు?” అని మనల్ని తిరిగి అడగదు.

మొదటి ఏడాది చివర్లో ఈ కోర్సు గురించి ఆఫీసులో కనిపించిన ప్రతివారికీ చెప్పాను. ఇప్పుడైతే కాస్త తగ్గించి చెబుతాను. రెండో ఏడాది ట్యూటర్ మారారు. ఒక అసైన్‌మెంట్ దిద్దిన ప్రతి, తర్వాతి అసైన్‌మెంట్ గడువు దాటాక వచ్చింది. రేఖ అమర్చాక మిగిలిన తేడాలను విడిగా గ్రాఫు గీసి చూడమని అందులో చక్కటి సూచన ఉంది. కాని ఆ సూచన ఏ పనికి అవసరమో దాన్ని అప్పటికే సమర్పించేశాను. ఆ తర్వాతి ప్రతిలో “బాగుంది, కొనసాగించండి” అని మాత్రమే ఉంది. ఏది బాగుందో చెప్పకపోతే దేన్ని కొనసాగించాలి? అధ్యయన కేంద్రానికి రాస్తే, ట్యూటర్ల కేటాయింపు తమ చేతిలో లేదన్నారు. ఆ జవాబు నాకు ఇప్పటికీ మింగుడుపడలేదు. ఫీజు ఒకటే, నియమాలు ఒకటే, దిద్దే మనిషిని బట్టి చదువే మారిపోతోంది.

మొదట్లో నేను మెచ్చుకున్న వెసులుబాటు సంగతీ అంతే. గడువు పొడిగించమంటే కారణం పెద్దగా అడగకుండానే ఇస్తారు, అది నిజంగా మంచి పని. అయితే తర్వాతి గడువు కదలదు. షిఫ్టులు మారిన నెలలో పొడిగింపు తీసుకున్నాను, దాంతో ఆ తర్వాతి నెల రెండు అసైన్‌మెంట్లు ఒకేసారి నెత్తిన పడ్డాయి. ఏటా ఒక పేపరు తగ్గించుకునే వీలు కూడా ఉంది. దాని గురించి ఎక్కడో నియమావళిలో రాశారు గాని చేరేటప్పుడు ఎవరూ చెప్పలేదు. పొడిగింపు కంటే అదే నాకు ఎక్కువ పనికొచ్చింది.

మరి చేరమంటానా? నాలాగా షిఫ్టుల్లో పనిచేస్తూ, తరగతి వేళకు కూర్చోలేనివారికైతే చేరమనే చెబుతాను. అయితే ముందు రెండు సంగతులు అడిగి తెలుసుకోండి: దిద్దిన ప్రతి ఎన్ని రోజుల్లో వస్తుంది, ఒక ట్యూటర్ దగ్గర ఎంతమంది ఉంటారు. వీలైతే దిద్దిన పాత ప్రతి ఒకటి చూపించమనండి. పరీక్ష రోజుల్లో మా ఆఫీసు సెలవు ఇస్తుంది, ఇంట్లో చిన్నపిల్లలు లేరు, లెక్కలంటే నాకు మొదటి నుంచీ ఇష్టం. ఇవేవీ లేనివారికి నా మాట ఎంతవరకు వర్తిస్తుందో చెప్పలేను. పట్టా మాత్రమే కావాలనుకునేవారికి ఈ వ్యాఖ్యలు అదనపు భారంగానే తోచవచ్చు. మా బృందంలోనే ఒకాయన వాటిని తెరిచి కూడా చూడరు, మార్కులు మాత్రం నాకంటే ఆయనకే ఎక్కువ వస్తాయి.