జైపూర్‌లో పాత వెండి వేట: ఏది చూడాలి, ఎక్కడ కొనాలి, ఎక్కడ దిగాలి

పాత వెండి నగల కోసం జైపూర్ వెళ్ళేవాళ్ళు బ్యాగు రూమ్‌లో పడేసి నేరుగా జోహరీ బజార్లో దూరకండి. ముందు పాత నగలు పెట్టిన ఆమ్రపాలి మ్యూజియం చూడండి. 2018లో పెట్టారు, పెద్దదేం కాదు, టికెట్ కాస్త ఎక్కువే అనిపిస్తుంది గానీ ఆడియో గైడ్ పెట్టుకుని నింపాదిగా తిరిగితే పాత పనితనం కంటికి అలవాటవుతుంది. అది లేకుండా బజారుకెళ్తే నల్లగా కనిపించిందల్లా పాతదే అనుకుంటాం.

జోహరీ బజార్ నాకంత నచ్చలేదు. బంగారం, కుందన్ హడావుడే ఎక్కువ, వెండి అంటే కొత్త డిజైన్లు ముందు పరుస్తారు. ఎం.ఐ. రోడ్‌లోని చమేలీవాలా మార్కెట్ చాలా నయం. అక్కడో చిన్న కొట్లో నడుముకి దోపుకునే తాళాల కొక్కెం చూపించారు, గుజరాత్ ఆడవాళ్ళు వాడేది. పైన నెమలి చెక్కుడు చెక్కుచెదరలేదు, తాళాలు వేలాడే కొంకి లోపలి వైపు మాత్రం అరిగి, నున్నగా పల్చబడిపోయింది. పక్కనే చేప ఆకారం లాకెట్టు, అందులో గుబిలి పుల్ల, పళ్ళపుల్ల మడతపెట్టి ఉన్నాయి, చిన్న సీల మీద తిరుగుతాయి! గొలుసుకి తగిలించిన, తాంబూలానికి సున్నం పెట్టుకునే సున్నపుకాయ కూడా ఉంది, మూత ఇప్పటికీ బిగుతే. ఇలాంటివాటిలో అరుగుదల చెయ్యి తగిలే చోటే ఉండాలి, ఒళ్ళంతా ఒకేలా నలుపుంటే నేనైతే పక్కన పెట్టేస్తా.

పేరు చూసి మోసపోకండి, జర్మన్ సిల్వర్ అంటే రాగి, నికెల్, జింకు, అందులో వెండి బొట్టు కూడా ఉండదు. అలాగని ప్రతి పాత నగలోనూ స్టెర్లింగ్ వెండిలోలా 92.5 శాతం వెండి ఉంటుందనీ కాదు, పల్లెల్లో చేయించుకున్నవి చాలావరకు అంతకన్నా తక్కువే. కొత్తవాటికి తూకం, మజూరి లెక్క చెప్తారు, పాతదనగానే పీసు రేటంటారు. అయినా సరే కాటా మీద పెట్టించి, వెండి ఎంత, పాతదనానికి ఎంత అడుగుతున్నారో చూసుకోండి.

బసకి మొదట పాత ఊళ్ళో ఒక హవేలీ హోటల్ తీసుకున్నాం. ఫొటోలకి అద్భుతం, కానీ వీధి చివరే ఆటో దించేస్తుంది, వేడినీళ్ళకి రోజూ ఫోన్ చెయ్యాలి, రాత్రి హారన్లు ఆగవు. తర్వాత ఎం.ఐ. రోడ్ వైపు మామూలు లాడ్జికి మారాం, గది చిన్నదే గానీ కొట్లకి నడిచి వెళ్ళొచ్చు, నచ్చిన పీసుని రాత్రంతా ఆలోచించుకుని పొద్దున్నే మళ్ళీ వెళ్ళి బేరమాడొచ్చు. ఆదివారం మాత్రం పెట్టుకోకండి, చాలా కొట్లు మూసేస్తారు.