శ్రీసిటీ ప్లాంటుకి రిమ్ సాఫ్ట్‌వేర్: జిల్లా మారాక బయటపడ్డ లోపం

రెగ్యులేటరీ సమాచారం ఎలా చూసుకుంటున్నారని ఫార్మా కంపెనీలకు సర్వే ఫారాలు వస్తుంటాయి. రిమ్ సిస్టమ్ (ఏ మందుకి ఏ దేశంలో ఏ వివరాలతో అనుమతి ఉందో చూసుకునే సాఫ్ట్‌వేర్) ఉందా, ఎక్సెల్‌తోనే నెట్టుకొస్తున్నారా అని అడుగుతాయి. నన్నడిగితే అడగాల్సింది ఒక్కటే: ప్లాంటు చిరునామా మారితే, ఏ దేశంలో ఈరోజు ఏ చిరునామా నమోదై ఉందో మీ సిస్టమ్ చెప్పగలదా?

2022 ఏప్రిల్ 4న శ్రీసిటీ చిత్తూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చింది. అక్కడున్న మా ప్లాంటు అంగుళం కూడా కదల్లేదు. అయినా అనుమతి కోసం పంపే ఫైల్లో తయారీదారు పేరు, చిరునామా ఉండే 3.2.పి.3.1 విభాగంలో, లేబుల్ మీద, సీఓపీపీలో (వేరే దేశాల కోసం మన ప్రభుత్వం మందుకిచ్చే సర్టిఫికెట్), లైసెన్సులో పాత జిల్లా పేరే ఉంది.

అప్పుడు మాకు అక్కరకొచ్చింది మా రిమ్ సాఫ్ట్‌వేర్‌లోని ‘వేర్ యూజ్డ్’ బటన్. సైట్ రికార్డు తెరిచి నొక్కితే ఆ సైట్ ఉన్న రిజిస్ట్రేషన్లన్నీ దేశం, ప్రోడక్టు, చివరి సీక్వెన్స్ (రెగ్యులేటర్‌కి పంపే ఫైళ్ళలో ఒక్కో విడత) నంబరుతో సహా వరసగా వస్తాయి. షేర్డ్ డ్రైవులో ఫోల్డర్లు తిరగేసే పని తప్పింది. యూరప్ మార్కెట్‌కి బ్యాచ్ విడుదల చేసే బాధ్యత లేని సైట్ అయితే, అది కదలకుండా చిరునామా ఒక్కటే మారితే అక్కడ టైప్ ఐఏ (చిన్న మార్పు), అమలైన 12 నెలల్లోపు తెలిపితే సరిపోతుంది. కొన్ని దేశాలకు మాత్రం ముందు లైసెన్సు సవరణ, ఆ తర్వాత కొత్త సీఓపీపీ చేతికి రావాలి. అంతవరకూ ఫైలు కదలదు. ఏది ముందు, ఏది తర్వాత అని తేల్చుకోవడానికి ఆ జాబితా నిజంగా బంగారం.

అయితే ఈ బటన్‌ని మొదట్లో మెచ్చుకున్నంతగా ఇప్పుడు మెచ్చుకోలేను. అది లింకుల్ని వెతుకుతుంది తప్ప పీడీఎఫ్ లోపల టైపు చేసిన చిరునామాని పట్టుకోదు. లేబుల్ ఆర్ట్‌వర్కు, పాత ఎల్ఓఏలు (మా ఫైలు చూసుకోవచ్చని ఇచ్చిన అనుమతి లేఖలు) విడిగా కూర్చుని చూసుకోవాల్సిందే.

అసలు దెబ్బ సీక్వెన్స్ తయారీలో తగిలింది. ఈసీటీడీ (అనుమతి ఫైల్ని ఎలక్ట్రానిక్‌గా పంపే పద్ధతి) 3.2.2 వెర్షన్‌లో, తయారైన మందు వివరాలుండే 3.2.పి విభాగానికి ప్రోడక్టు పేరు, డోసేజ్ ఫామ్‌తో పాటు తయారీదారు అనే యాట్రిబ్యూట్ (గుర్తింపు ట్యాగ్) ఉంటుంది. ఈ సాఫ్ట్‌వేర్ దాన్ని సైట్ రికార్డు నుంచి, ఊరూ జిల్లాతో సహా, తనంతట తానే నింపుతుంది. సైట్ రికార్డులో చిత్తూరుని తిరుపతి చేయగానే, తర్వాతి సీక్వెన్స్‌లో ఆ యాట్రిబ్యూట్ మారిపోయి 3.2.పి రెండుగా చీలింది. కొత్త 3.2.పి.3.1 పాతదాన్ని ‘రీప్లేస్’ చెయ్యలేదు, ‘న్యూ’గా వెళ్ళి కొత్త కొమ్మలో కూర్చుంది. పాతది పాత కొమ్మలో చెల్లుబాటులోనే ఉండిపోయింది. విడివిడిగా చూస్తే ఏ లీఫ్‌లోనూ (అందులోని ఒక్కో డాక్యుమెంటు) తప్పు లేదు, అందుకే వాలిడేషన్ పాసైపోయింది. వ్యూయర్‌లో అన్ని సీక్వెన్సులూ కలిపి చూస్తేనే రెండు కొమ్మలు కనబడ్డాయి. ఇలాగే పంపి ఉంటే ఒకే ప్లాంటుకి రెండు తయారీదారులున్నట్టు రివ్యూయర్‌కి కనిపించేది.

దీనికి విరుగుడు ఏమిటంటే, ఆ యాట్రిబ్యూట్‌ని సైట్ రికార్డు నుంచి విడదీసి, మొదటి సీక్వెన్స్‌లో ఏది పంపారో అక్షరం మార్చకుండా అదే ఉంచాలి. కొత్త చిరునామా డాక్యుమెంటు లోపల మారితే చాలు. కొత్త ప్రోడక్టులకైతే అక్కడ ‘యూనిట్ 1’ లాంటి పొట్టి పేరు పెట్టండి, ఊరి పేరు జోలికి పోవద్దు. విడదీసే సెట్టింగు ఉంది, కానీ అడ్మిన్ స్క్రీన్‌లో ఎక్కడో లోపల దాచారు. సప్లయర్ ఇచ్చిన శిక్షణలో దాని ఊసే లేదు. నా కోపమంతా అక్కడే.

ఇంకో చిక్కు తేదీలది. జిల్లా మారిన తేదీ ఒకటి, లైసెన్సు సవరణ తేదీ ఇంకొకటి, ఒక్కో దేశం ఒప్పుకున్న తేదీ మరొకటి. సైట్ రికార్డులో ఉన్నది ఒక్క గడే. 2019 నాటి సబ్మిషన్ తెరిచినా తిరుపతి జిల్లా అనే చూపిస్తుంది. పాత విలువ ఆడిట్ ట్రయల్‌లో (మార్పుల చిట్టా) ఉంటుంది, ఇన్‌స్పెక్షన్‌లో అడిగినప్పుడు తవ్వి తియ్యాలి. మేం ప్రతి రిజిస్ట్రేషన్ కింద నమోదైన చిరునామా, ఆమోద తేదీ, సీక్వెన్స్ నంబరు అని మూడు గడులు అదనంగా పెట్టించుకున్నాం. బ్యాచ్ విడుదలకు ముందు క్యూఏ (నాణ్యత చూసే విభాగం) చూసేది ఇప్పుడు వాటినే.

ఫినిష్డ్ డోసేజ్ (మాత్రల్లాంటి పూర్తిగా తయారైన మందులు), చాలా దేశాలు, ఒకటికి మించి సైట్లు ఉంటే ఇది కొనదగ్గదే అంటాను, మా పని అలాంటిది కాబట్టి. నాలుగైదు డీఎంఎఫ్‌లు (తయారీ వివరాలతో రెగ్యులేటర్‌కి ఇచ్చే ఫైళ్ళు) మాత్రమే ఉన్న ఏపీఐ (మందులోని అసలు రసాయనం) యూనిట్‌కి ఆ మూడు గడులున్న ఎక్సెల్ షీటు, దాన్ని చూసుకునే మనిషి ఉంటే ప్రస్తుతానికి సరిపోతుందేమో. కొనేటట్టయితే డెమోలోనే సైట్ చిరునామా మార్పించి, తర్వాతి సీక్వెన్స్ కట్టించి, 3.2.పి ఒక్కటే ఉందో లేదో చూడండి.