పల్లెల్లో ఇంటింటికీ ఇచ్చే కాంక్రీటు బయోశాండ్ ఫిల్టర్: పంచే ముందు చూసుకోవాల్సినవి

కుళాయి నీళ్లు అందని పేద ఊళ్లలో పనిచేసే మత సేవాసంస్థలు చాలా దేశాల్లో ఇంటింటికీ ఇస్తున్న వస్తువు ఇది. దాదాపు 90 సెంటీమీటర్ల ఎత్తున్న కాంక్రీటు పెట్టె, దాని నిండా ఇసుక, ముందువైపు సన్నని గొట్టం. కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయంలో పనిచేసిన డేవిడ్ మాంజ్ 1990ల తొలినాళ్లలో దీన్ని రూపొందించారు. పట్టణాల నీటి సరఫరాలో ఎప్పటినుంచో ఉన్న నిదానపు ఇసుక వడపోతనే ఇంటికి సరిపోయేలా కుదించి, నీళ్లు ఆగి ఆగి పోసినా పనిచేసేటట్టు మార్చారు. సమారిటన్స్ పర్స్ లాంటి క్రైస్తవ సంస్థలు దీన్ని పెద్ద ఎత్తున పంచాయి. కరెంటు అక్కర్లేదు, ఏటా మార్చాల్సిన క్యాండిల్ ఉండదు, అచ్చు ఒకటి దొరికితే ఊరి తాపీమేస్త్రీయే పోసేయగలడు.

పెట్టె మంచిదే. ఫొటో తీసుకుని, పెట్టె దించేసి వెళ్లిపోయే పద్ధతే మంచిది కాదు. ఈ రెండింటికీ విడివిడిగా మార్కులు వేయాలి.

పనితీరు ముందు చూద్దాం. ఇసుక మీద ఎప్పుడూ 5 సెంటీమీటర్ల నీరు నిలిచి ఉంటుంది. ఆ నీటి అడుగున, ఇసుక పైభాగంలో ఒకటి రెండు సెంటీమీటర్ల మేర సూక్ష్మజీవుల పొర పడుతుంది. రోగకారక క్రిములను తినేది ఆ పొరే. అది పూర్తిగా పట్టడానికి నెల రోజుల దాకా పడుతుంది. ఆలోగా ఇసుక ఒక్కటే ఆపగలిగే బాక్టీరియా 30 నుంచి 70 శాతం మాత్రమే. పొర కుదిరాక, సరిగ్గా వాడే ఇళ్లలో 90 శాతం పైకి వెళ్తుంది. నులిపురుగుల గుడ్లు, అమీబా లాంటివి దాదాపు పూర్తిగా ఆగిపోతాయి. వైరస్‌ల విషయంలో అంత భరోసా లేదు. అందుకే వడకట్టిన నీళ్లలో కాస్త క్లోరిన్ వేసుకోవడం మంచిది, మొదటి నెలలో అయితే తప్పనిసరి. డొమినికన్ రిపబ్లిక్ గ్రామాల్లో చేసి 2009లో ప్రచురించిన పరిశీలనలో, ఫిల్టర్ ఉన్న ఇళ్లలో విరేచనాలు 47 శాతం తగ్గాయని తేలింది. తమ ఇంట్లో ఫిల్టర్ ఉందని వాళ్లకు తెలుసు, జబ్బును తక్కువ చేసి చెప్పి ఉండొచ్చు కాబట్టి ఆ అంకెను కొంత తగ్గించుకునే చూడాలి. అయినా అది చిన్న మేలు కాదు.

ఇది చేయలేని పనులు కూడా పంపిణీకి ముందే ఊళ్లో చెప్పాలి. ఫ్లోరైడ్ పోదు, ఉప్పదనం పోదు, పురుగుమందుల అవశేషాలు పోవు. మామూలు బయోశాండ్ ఆర్సెనిక్‌ను కూడా తీయదు. నీటి పరీక్ష చేయించకుండా ఫ్లోరైడ్ ఊళ్లో ఈ పెట్టెలు దించితే, తేటగా కనిపించే నీళ్లను చూసి జనం నిశ్చింతగా తాగుతారు. మేలు చేద్దామని వెళ్లి చేసే కీడు అది.

ఇక ఇసుక. ఈ ఫిల్టర్ బాగోగుల్లో సగానికి పైగా ఇసుకలోనే ఉంది. పంపిణీ లెక్క తొందరలో మొదట గాలికి వదిలేసేదీ దాన్నే. క్వారీలో రాయి కొట్టగా వచ్చిన ఇసుకే తీసుకోవాలి. ఏటి ఇసుకలో మలమూత్రాలు, ఆకుల కుళ్లు కలిసి ఉంటాయి. సముద్రపు ఇసుకలోని ఉప్పు నీళ్లలోకి దిగుతుంది. మొదట 12 మి.మీ., తర్వాత 6 మి.మీ., చివరికి 0.7 మి.మీ. జల్లెడ పట్టాలి. 6 నుంచి 12 మి.మీ. కంకర అడుగున 5 సెంటీమీటర్లు, దాని మీద 6 మి.మీ. జల్లెడలోంచి దిగి 0.7 జల్లెడలో మిగిలిన చిప్స్ మరో 5 సెంటీమీటర్లు, ఆపైన 0.7 జల్లెడలోంచి దిగిన ఇసుక సుమారు 54 సెంటీమీటర్లు. పెట్టెకు దాదాపు 30 లీటర్ల ఇసుక పడుతుంది. తడి ఇసుక జల్లెడలో దిగదు, బాగా ఎండబెట్టాకే పట్టాలి.

కడగడంలోనే నైపుణ్యం ఉంది. కంకరను నీళ్లు తేటగా వచ్చేదాకా కడగాలి. ఇసుకను మాత్రం అలా కడగకూడదు. గాజు సీసాలో కాస్త ఇసుక, తేట నీళ్లు పోసి గిరగిరా తిప్పి కింద పెట్టండి. 4 సెకన్లయ్యాక ఇసుక పైభాగం మసకగా కనిపిస్తే చాలు. అప్పుడే తేటగా కనిపిస్తే ఎక్కువ కడిగినట్టు, సన్న రేణువులన్నీ పోయినట్టు. అసలేమీ కనిపించకపోతే ఇంకోసారి కడగాలి.

పెట్టెను నీడలో, చదునైన నేల మీద, పశువులు ముట్టని చోట పెట్టాలి. ఖాళీ పెట్టే 70 కిలోల పైన ఉంటుంది, నింపాక దాదాపు రెట్టింపు అవుతుంది. నింపిన తర్వాత జరిపితే ఇసుక గట్టిపడి ధార సన్నబడుతుంది. అందుకే చోటు ముందే ఖాయం చేసుకోవాలి. ఇసుక పోసేటప్పుడు ముందు నీళ్లు, తర్వాత ఇసుక. నీటి మట్టం ఎప్పుడూ ఇసుకకు పైనే ఉండాలి, లేదంటే లోపల గాలి బుడగలు చిక్కుకుని నీళ్లు దిగవు. నింపాక పెట్టెను అంచుదాకా నీళ్లతో నింపి గొట్టం కింద లీటరు సీసా పట్టండి. రెండున్నర నిమిషాల్లో నిండాలి. అంతకంటే త్వరగా నిండితే ఇసుక ముతకది, మార్చాల్సిందే. కొంచెం ఆలస్యమైతే ఇబ్బందే తప్ప ప్రమాదం లేదు. ఎక్కువ ధార వస్తోందని సంబరపడే ఇంటివాళ్లకు ఈ సంగతి ఓపికగా చెప్పాలి.

పైన ఒక్కసారికి 12 లీటర్లు పడతాయి. ఇసుక సందుల్లో నిలిచేదీ ఇంచుమించు అంతే. అంటే ఇప్పుడు పోసిన నీళ్లు ఇప్పుడే రావు, ఇంతకుముందు పోసి లోపల నానినవి వస్తాయి. అందుకే పోతకూ పోతకూ మధ్య కనీసం గంట విరామం ఉండాలి, 48 గంటలు మాత్రం దాటకూడదు. దాటితే పొర ఆకలితో చస్తుంది. బురద నీళ్లయితే ఒక పూట తేరనిచ్చి, మడ్డి కదపకుండా పైనీళ్లు మాత్రమే పోయాలి. వీలైనంతవరకు రోజూ ఒకే చోటి నీళ్లు వాడాలి.

చెడిపోయిన ఫిల్టర్లలో కనిపించే తప్పులు చాలావరకు ఒకే తీరువి. గొట్టానికి కుళాయి బిగించడం, దాంతో నిలిచే నీరు 5 సెంటీమీటర్లు దాటి పొరకు గాలి అందదు. గొట్టానికి పొడవాటి ట్యూబు తగిలించడం, అది నీళ్లన్నీ లాగేసి పొరను ఎండబెడుతుంది. ఇసుక మీదికి నీళ్లు మెల్లగా దిగేలా పైన పెట్టే చిల్లుల పళ్లెం తీసేసి నేరుగా పోయడం, ధార దెబ్బకు ఇసుకలో గుంట పడుతుంది. క్లోరిన్ కలిపిన నీళ్లు పైన పోయడం, పొర చచ్చిపోతుంది. వీటన్నిటికంటే ఎక్కువ జబ్బు చేసేది మాత్రం బావి నీళ్లు తెచ్చిన బకెట్టునే కడగకుండా గొట్టం కింద పెట్టడం. ఫిల్టర్‌తో పాటు మూత, కుళాయి ఉన్న నిల్వ డబ్బా ఇవ్వని కార్యక్రమానికి సగం మార్కులు కోసేయాలి.

ధార బాగా సన్నబడితే ఇసుక మార్చనక్కర్లేదు. నాలుగు లీటర్ల నీళ్లు పోసి, పళ్లెం తీసి, ఇసుక పైపొరను అరచేత్తో మెల్లగా చిలకండి. వేళ్లు లోతుగా దిగకూడదు. లేచిన మురికి నీళ్లను చెంబుతో తోడేసి, ఇసుక చదును చేసి, పళ్లెం పెట్టి, సబ్బుతో చేతులు కడుక్కోవాలి. పొర తేరుకునేదాకా కొన్నాళ్లు క్లోరిన్ తప్పకుండా వేసుకోవాలి.

ఇక పంచేవాళ్ల సంగతి. ఇంటికి కనీసం మూడు సార్లు వెళ్లాలి: పెట్టిన వారంలోపు ఒకసారి, నెల తర్వాత ఒకసారి, ఆరు నెలల తర్వాత మరోసారి. మత సంస్థలకు ఇక్కడ గొప్ప అనుకూలత ఉంది. నిధులు అయిపోయి ఉద్యోగులు వెళ్లిపోయినా, ఊళ్లోని ప్రార్థనా మందిరం, అక్కడికి వచ్చే మనుషులు ఊళ్లోనే ఉంటారు. వాళ్లలో ఇద్దరికి లీటరు సీసాతో ధార చూడడం, ఇసుక చిలకడం నేర్పి, రెండు అదనపు పళ్లేలు, ఒక జల్లెడ చేతికిస్తే ఆ ఊరి ఫిల్టర్లు ఏళ్ల తరబడి పనిచేస్తాయి. ఇంత నమ్మకమైన వ్యవస్థ ఉండి కూడా దాన్ని ప్రారంభోత్సవానికి మాత్రమే వాడుకోవడం బాధాకరం.

అదే నమ్మకం పక్షపాతంగా కూడా మారొచ్చు. సహాయాన్ని ఏ మతాభిప్రాయాన్ని ముందుకు తీసుకెళ్లడానికీ వాడకూడదని రెడ్‌క్రాస్ ఉద్యమం, స్వచ్ఛంద సంస్థలు కలిసి రాసుకున్న 1994 నాటి ప్రవర్తనా నియమావళి స్పష్టంగా చెబుతోంది. ఆచరణలో దీనికి సులువైన దారి ఉంది. ప్రార్థనకు వచ్చేవాళ్ల పేర్లతో కాకుండా, ఒక బావి నీళ్లు తాగే ఇళ్లన్నిటి పేర్లతో జాబితా తయారు చేసి అందరికీ కనిపించేలా అతికించండి. బావి వారీగా ఇస్తే ఆ నీళ్లు తాగే ఇల్లేదీ తప్పిపోదు.

వరదలప్పుడు, శిబిరాల్లో ఇది పనికిరాదు. నెల రోజులు ఆగే సమయం అక్కడ ఉండదు, ఇంత బరువు మోసే దారి కూడా ఉండదు. అప్పుడు క్లోరిన్ బిళ్లలు, మరగబెట్టిన నీళ్లే దిక్కు. దారి సరిగా లేని కొండ ఊళ్లకు తేలికైన ప్లాస్టిక్ పెట్టె ఉంది. లోపలి పని అదే, కానీ పగిలితే ఊళ్లో బాగుచేయడం కష్టం.

పెట్టెలు పోయించే సంస్థతో ఒప్పందం రాసుకునే ముందు మూడు చూపించమనండి: వాళ్ల 0.7 జల్లెడ, పోసిన పెట్టెలను తడిపి ఆరనిచ్చే చోటు, పోయిన ఏడాది ఇచ్చిన ఇళ్లకు మళ్లీ వెళ్లి రాసుకున్న లీటరు సీసా లెక్కల పుస్తకం. మూడోది లేకపోతే వేరే సంస్థను వెతకండి.